నీలవ్వ చెప్పిన మాట

ఆ ఎండాకాలం మా గదుల వరుసలో ఆడవాళ్లందరికీ భద్రసేనుడి మీదే అనుమానం.

భద్రసేనుడంటే సేనాపతి. 'ఏడు వాకిళ్ల కోట' అనే సీరియల్‌లో ఉండేవాడు. ఆ సీరియల్ హైదరాబాదు నుంచి వచ్చే ఒక వారపత్రికలో పడేది. షోలాపూర్ చేరి, జోడ్‌భావి పేట్‌లో మా వరుస దాకా వచ్చేసరికి వారం పాతబడేది. మాకు మాత్రం కొత్తే. పదకొండు గదులకు కలిపి ఒకటే ప్రతి. మధ్యాహ్నం మగవాళ్లంతా మగ్గాల మీద ఉన్న వేళ, రేకుల నీడలో చాటలు ఒళ్లో పెట్టుకుని అందరూ బీడీలు చుడుతుంటే నేను చదివేదాన్ని.

అది 1988. సిద్దిపేట నుంచి కోడలిగా వచ్చి నాకప్పటికి నాలుగేళ్లు. ఏడో తరగతి పాసయ్యాను. వరుసలో తెలుగు చదవగలిగింది నేనొక్కదాన్నే. తక్కినవాళ్లు ఇక్కడే పుట్టి మరాఠీ బడికి పోయినవాళ్లు, లేదంటే ఏ బడికీ పోనివాళ్లు. చదువుతున్నంతసేపు నా చేతులు ఆగిపోతాయి కదా, అందుకని చివర్లో ఒక్కొక్కరూ ఒక కట్ట బీడీలు నా చాటలో వేసేవాళ్లు. అది ఎవరు పెట్టిన ఆనవాయితీయో తెలియదు. ఆ కట్టలు చూసుకుంటే మాత్రం, మాస్టారి ముందు పలక నింపి చూపించినట్టుండేది నాకు.

చదవడం కాగానే పత్రికను ముక్కలు చేసేవాళ్లు. తలా రెండు కాగితాలు. ఒకామె తంబాకు పొట్లం కట్టుకునేది, ఒకామె డబ్బా అడుగున పరుచుకునేది. పోయిన వారం కథ ఏమైందో చూద్దామంటే ఎవరి ఇంట్లోనూ దొరకదు.

"ఈ వారం గూడ చంపలే భద్రసేనుడు," అంది శాంత. మా పక్క గదిలో ఉండేది, నా ఈడుదే. "రాజు పక్కల్నే నిలవడ్డడు. కత్తి చేతుల్నే ఉన్నది. ఇంకెప్పుడు చంపుతడు, రాజు ముసలోడైనంక?"

"వచ్చే వారం ఖాయం," అంది చివరి గది పార్వతీబాయి. "వాని మీసాలు చూస్తెనే ఎర్కయితది, హరామీ అని."

బొమ్మలో ఆ మీసాలు నిజంగా దొంగ మీసాల్లాగే ఉండేవి.

"భద్రసేనుడు చంపడు," అంది మా అత్తమ్మ చంద్రభాగ.

ఆమె మామూలుగా మాట్లాడదు. అందుకే అందరూ తలలెత్తారు.

"మరెవలు చంపుతరు అత్తా?"

"పాలిచ్చి పెంచిన దాది. గౌతమి. లోపల్నుంచి ఏడో వాకిలి ఆమెనే తీస్తది."

శాంత నవ్వాపుకోలేక చేతిలో ఆకు చించుకుంది. "పాలిచ్చినామె చంపుడేంది? ఎవలు చెప్పిండ్రు నీకు?"

"నీలవ్వ చెప్పింది గద."

నీలవ్వ ఆ కోటలో మూడో వాకిలి దగ్గర కూర్చుని ధాన్యం చెరిగే ముసలిది. రాబోయేది చెప్పేది. మంత్రులు నవ్వేవాళ్లు, సైనికులు వెక్కిరించేవాళ్లు, రాజు విననట్టు గుర్రం మీద దాటిపోయేవాడు. నిజం చెప్పాలంటే మేమూ దాటిపోయేవాళ్లమే. నీలవ్వ రాగానే నేను గొంతు గబగబా పరుగెత్తించేదాన్ని. యుద్ధం ఎప్పుడొస్తుందా అని అందరికీ ఆత్రం.

"ఎప్పుడు చెప్పింది?" అంది పార్వతీబాయి.

"సంక్రాంతి గడ్డ జాత్రకు ముందటి వారం. మంగళనే చదివింది." అత్తమ్మ నా వైపు చూసింది. "చదువలేదానే?"

నాకు నిజంగా గుర్తులేదు. "లేదత్తమ్మా. గసొంటిది నేను చదువలే," అన్నాను.

"చంద్రక్క సొంతంగ సీరియల్ రాస్తున్నట్టున్నది!" అంది పార్వతీబాయి. అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. అత్తమ్మ ఆకులో తంబాకు పోసి చుట్టింది.

లేచి లోపలికి పోతున్నప్పుడు నాకొక్కదానికే వినపడేటట్టు అంది. "నమ్మకుంటె పాయె బిడ్డా. అననే లేదంటరేంది?"

*

ఆమె మాట ఎవరూ పట్టించుకోకపోవడానికి కారణం ఉంది. ఆ ఏడు ఉగాది దాటినప్పటి నుంచి అత్తమ్మకు మరుపు మొదలైంది. పప్పులో ఉప్పు వేసి, చేయి కడుక్కుని వచ్చి మళ్లీ వేసేది. స్టవ్ వెలిగించి కిరసనాయిలు తెస్తానని బయటికి పోయేది. ఒక రోజు బీడీల గంప తీసుకుని కార్ఖానాకు బయలుదేరింది. ఇరవై ఏళ్లుగా నడిచిన దారి. రెండు గంటలైనా రాలేదు. చివరికి మా ఆయన పనిచేసే మగ్గాల షెడ్డు వాళ్లు కుంఠా నాకా దగ్గర చూశారట. నడిరోడ్డు మీద గంప చంకన పెట్టుకుని, ఎటు పోవాలో తెలియక నిలబడి ఉందట.

ఆ సాయంత్రం మా ఆయన సిద్ధరాములు చొక్కా కూడా విప్పకుండా తల్లి ముందు కూర్చున్నాడు.

"అమ్మా, ఇగ బస్. ఇంట్ల కూసో. కార్ఖానల నీ పేరు కొట్టేయించి మంగళ పేరు రాపిస్త. పెంటప్పతోని మాట్లాడిన. జూన్ ఒకటికి రమ్మన్నడు."

పెంటప్ప కార్ఖానాలో బీడీలు చూసి తీసుకునే చెకర్. ఆ కార్ఖానాలో ఇంటికి ఒకటే పేరు. ఒకరికి ఇవ్వాలంటే ఒకరిది తీయాలి.

"చాటనన్న ఉండనియ్యి," అంది అత్తమ్మ. "ఉత్తగ ఏం చుట్టుకుంట కూసుంట."

"వద్దు. కత్తెరతోని వేలు కోసుకుంటవ్. తిను, పండుకో, విఠోబా గుడికి పో."

"కొడకా, ఒక మాట చెప్త విను. చేతుల పని ఉన్నంత సేపే నాకు సోయి ఉంటది. చాట తీస్తివా, నా తెలివి గూడ దాంతోనే పోతది."

"సరే తియ్యి," అన్నాడు మా ఆయన. చిన్నపిల్లల మాటకు పెద్దవాళ్లు అంటారే, అట్లా. లేచి చొక్కా విప్పి కొయ్యకు తగిలించాడు.

నేను పొయ్యి దగ్గరే ఉన్నాను. అంతా విన్నాను. ఒక్క మాట అనలేదు. ఎందుకంటే నాకా పేరు కావాలి. నాలుగేళ్లుగా నేను చుట్టిన బీడీలన్నీ ఆమె పేరు మీదే పోయాయి. పేరుంటే ఫొటో ఉన్న కార్డు వస్తుంది. బీడీ పనివాళ్ల ఆస్పత్రిలో నా చీటీ నాకే ఇస్తారు. ఎవరైనా ఎవరు నువ్వంటే, ఫలానావాళ్ల కోడలిని అనే బదులు కార్డు చూపించొచ్చు. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ, ఫొటోకు ఏ చీర కట్టుకోవాలా అని ఆలోచించాను. ఆ ఎండాకాలం గురించి ఎవరికి చెప్పినా ఆ ముక్క మాత్రం చెప్పకుండా దాటేసేదాన్ని. ఇవాళ రాస్తున్నాను.

*

మే నెలాఖరు వారం పత్రిక వచ్చేనాటికి ఎండ ఎట్లా ఉందంటే, పొద్దున తడిపి గోనెలో చుట్టిన ఆకు పన్నెండింటికల్లా చేతిలో పెళపెళమనేది. శాంత మాటిమాటికీ నీళ్లు చిలకరిస్తోంది. నేను అందరి ముందే పత్రికకు కట్టి వచ్చిన దారం తెంపి విప్పాను.

కోటను శత్రువులు చుట్టుముట్టారు. ఆరు వాకిళ్లు నిలబడ్డాయి. భద్రసేనుడు ఆరో వాకిలి దగ్గర ఒంటి నిండా బాణాలతో, రాజు పేరు పలుకుతూ ప్రాణం విడిచాడు.

"అయ్యో, పాపం!" అంది పార్వతీబాయి. "వాణ్ణి ఎన్ని తిట్లు తిట్టినమే!"

"ఉండు అక్కా. చదువనియ్యి," అంది శాంత.

నేను చదివాను. అంతఃపురంలో దీపం మసకబారింది. గౌతమి కొంగుముడి విప్పి తాళపుచెవి తీసింది. ఏడో వాకిలి గడియ లోపలి నుంచి జరిగింది. రాజు వెనక్కి తిరిగాడు. ఆ క్షణాన రాజుకు నీలవ్వ మాట గుర్తుకొచ్చింది...

అక్కడ పేజీ అయిపోయింది. తిప్పడానికి ఆగాను. ఆ ఆగిన సందులో అత్తమ్మ గొంతు వినిపించింది.

"ఆరు వాకిళ్లు కత్తికి తలవంచవు. ఏడోది చేతికి తలవంచుతుంది. ఆ చేయి శత్రువుది కాదు. నీ తొలి ఆకలి తీర్చిన చేయి."

ఆమె మాట్లాడే తెలుగు కాదది. పుస్తకాల తెలుగు. ముఖం ఎత్తలేదు, చుట్టే బీడీ మీదే చూపు. నేను పేజీ తిప్పాను. మొదటి మూడు పంక్తులు అవే. ఒక్క అక్షరం తేడా లేదు.

అందరి చేతులూ ఆగిపోయాయి. అత్తమ్మ కత్తెర ఒక్కటే ఆకు మీద చప్పుడు చేస్తోంది.

"గదే ఉన్నదా ఆడ?" అంది శాంత మెల్లగా.

"గదే ఉన్నది," అన్నాను.

"అగ్గ బాయి!" పార్వతీబాయి చాట పక్కన పెట్టింది. "చంద్రక్కా, నిజం చెప్పు. ఎవలతోనన్న ముందుగాల చదివించుకున్నవా?"

"దారం మీ ముంగటనే తెంపితిని గద," అన్నాను.

"ఇంకేం చెప్పింది అత్తా నీలవ్వ?"

అత్తమ్మ చెప్పింది. ఆ నాలుగు మాటలే కాదు. నీలవ్వ మొదటి వారం నుంచి ఏమేం అందో, ఎవరు నవ్వారో, ఏ మాట జరిగిపోయిందో, ఏది ఇంకా మిగిలి ఉందో వరుసగా చెప్పింది. "మూడోపారి చెప్పింది, కొత్త తంబాకు బస్తా విప్పిన్నాడు. అందరం తుమ్ముకుంట విన్నం. నాలుగోపారి శాంత కొడుక్కు జ్వరం. పిలగాడు ఆమె ఒళ్లె పండుకున్నడు, చాట మోకాలు మీద పెట్టుకున్నది."

"అవు," అంది శాంత. "అవు, గట్లనే అయింది."

"చంద్రక్కా, పొద్దుగాల ఏం కూర తిన్నవో చెప్పు చూద్దాం," అంది పార్వతీబాయి, ఎగతాళి ఇంకా పూర్తిగా పోక.

అత్తమ్మ ఆలోచించింది. "గది యాదిల లేదు," అంది నిజాయితీగా. "నిలవడి చేసింది నిలుస్తలేదు పార్వతీ. చేతులు ఆడుతుంటె చెవులల్ల పడ్డది మాత్రం పోదు. చెప్పిన, ఇంట్ల. వినలే."

ఆ చివరి రెండు మాటలు ఆమె ఎవరినీ చూసి అనలేదు. నాకు మాత్రం తగిలాయి. ఉప్పు, స్టవ్, కుంఠా నాకా. అన్నీ ఆమె నిలబడి ఉన్నప్పుడు, చాట ముందు లేనప్పుడు జరిగినవే. ముందే చెప్పింది. సరే తియ్యి అన్నాడు మా ఆయన. నేను అదీ అనలేదు.

*

"కథలు యాదికుంటె ఏం ఫాయిదా?" అన్నాడు మా ఆయన ఆ రాత్రి అన్నం తింటూ. "పప్పుల ఉప్పు యాదికుండాలె."

"ఉప్పు నేనేస్త," అన్నాను. "పరీక్ష కావాల్నంటె నువ్వే పెట్టు. కానీ చాట ఉన్నప్పుడు పెట్టు."

తెల్లారి పనికి పోతూ ఆయన గడప దగ్గర ఆగాడు. అత్తమ్మ అప్పటికే చాట ముందేసుకుని కూర్చుంది. జేబులోంచి చీటీ తీశాడు. కొత్త చద్దరు అంచుకు నూలు రంగుల వరుస అది. ఏ రంగు తర్వాత ఏ రంగు, ఒక్కోటి ఎన్ని పోగులో అందులో ఉంది. ఇరవై దాకా ఉంటాయి. ఒకసారి గబగబా చదివేసి, "విన్నవా?" అన్నాడు. అత్తమ్మ బీడీ చుట్టుకుంటూనే ఉంది.

సాయంత్రం వచ్చి కాళ్లు కడుక్కుని, చాట ముందు కూర్చున్న తల్లి ఎదుట చీటీ పట్టుకున్నాడు. "చెప్పు."

ఆమె మొదలుపెట్టింది. "ఎరుపు ఆరు. తెలుపు రెండు. నలుపు నాలుగు. పసుపు రెండు. మళ్ల తెలుపు రెండు..." ఆయన వేలు చీటీ మీద ఒక్కో గీత దాటుతూ పోతోంది. పద్నాలుగో రంగు దగ్గర ఆమె ఆగింది.

"ఆగినవేంది? యాది లేదా?" అన్నాడు. ఆ గొంతులో గెలుపు ఉందో, దిగులు ఉందో నాకు తెలియలేదు.

"యాది ఉన్నది. ఈడ నలుపు నాలుగు అన్నవ్. మొదట్ల నలుపు పక్కల పసుపు వచ్చింది. ఈడ నలుపు పక్కల మళ్ల నలుపే అంటివి. నలుపు మీద నలుపేంది రా? అంచు మింగిపోదా? రాసినోడు తప్పు రాసిండా, నువ్వు తప్పు చదివినవా?"

మా ఆయన చీటీని దీపం దగ్గరికి తీసుకుపోయాడు. చాలాసేపు చూశాడు. తిరిగి వచ్చి చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"రాసినోడే," అన్నాడు.

మర్నాడు పొద్దున షెడ్డుకు రోజుకంటే గంట ముందే పోయాడు. మగ్గం బీము మీదికి పోగులు ఎక్కించక ముందే చీటీ సరిచేయించాడని తర్వాత తెలిసింది. ఎవరు పట్టుకున్నారీ తప్పు అని షెడ్డు మాలక్ అడిగితే, "మా అమ్మ" అన్నాడట. ఆ మాట శాంత మొగుడు చెప్పగా విన్నాం. మాతో ఆయన అనలేదు.

*

జూన్ ఒకటిన ముగ్గురం కార్ఖానాకు పోయాం. పోవద్దని ఎవరూ అనలేదు, పోదామనీ అనలేదు. రమ్మన్నారు కాబట్టి పోయాం. నేను పచ్చ చీర కట్టుకున్నాను. ఫొటో కోసం ముందే అనుకున్న చీర అది.

పెంటప్ప రిజిస్టర్ తెరిచి, సిరా ప్యాడ్ మూత తీశాడు. "రా చంద్రక్కా, నీది వేలిముద్ర. మంగళా, నువ్వు సంతకమా?"

అత్తమ్మ చేయి ముందుకు చాపింది. బొటనవేలి మీద కత్తెర పట్టి కాసిన కాయ నల్లగా గట్టిపడి ఉంది. ఆ వేలు ప్యాడ్ దాకా పోయేలోపు నేను ప్యాడ్ మూత పెట్టేశాను.

"నా పేరు వద్దు," అన్నాను.

పెంటప్ప కళ్లద్దాలు పైకి జరిపాడు. "నాలుగేండ్లు నా పానం తిన్నవ్ గదనే, ఎప్పుడు రాస్తవ్ ఎప్పుడు రాస్తవ్ అని!"

"ఇప్పుడు వద్దంటున్న. అత్తమ్మ పేరే ఉండాలె."

"ఏం సిద్ధరాములూ, ఇంట్ల ఎవలది నడుస్తది?"

నేను మా ఆయన వైపు చూడలేదు. కింద గచ్చు మీద పడ్డ ఆకు తుంపులు చూస్తూ నిలబడ్డాను.

"ఆమె చెప్పింది గద," అన్నాడు మా ఆయన. "ఉండనియ్యి."

ఎవరు చెప్పారని అన్నాడో, నేనా, వాళ్లమ్మా, ఇప్పటికీ నాకు తెలియదు. అడగలేదు.

పెంటప్ప సణుక్కుంటూ రిజిస్టర్ మూసి, వచ్చాం కదా అని ఆ రోజు గంప తీసుకున్నాడు. కట్టలు విప్పి వేళ్ల మధ్య దొర్లించి చూశాడు. రెండు బీడీలు పక్కకు పడేశాడు. "ఇవి పనికిరావు. చూసినవా, ముసలితనం వచ్చింది చంద్రక్కా."

అత్తమ్మ ఆ రెండూ ఏరుకుంది. ఒకదాని మొన చూసింది, రెండోదాని దారం చూసింది.

"ఈ రెండు మంగళవి," అంది. "మొన మడుచుడు రాదు దానికి. సరిగ చదువుతది గనీ."

పెంటప్ప పక్కున నవ్వాడు. మా ఆయనా నవ్వాడు. నాకు ఒళ్లు మండింది, నవ్వూ వచ్చింది. ఆ రెండు బీడీలూ నావే.

*

మృగశిర కార్తె రాకముందే సీరియల్ అయిపోయింది. చివరి వారం నీలవ్వ చెప్పినవన్నీ జరిగాయి, అత్తమ్మ చెప్పిన వరుసలోనే. దాని స్థానంలో పత్రికలో కొత్త సీరియల్ వచ్చింది. ఒక డిటెక్టివ్, ఒక కారు, ఒక నీలం కళ్ల ఆడమనిషి. రెండు వారాలు చదివాను. ఎవరికీ పట్టలేదు.

"అత్తా," అంది శాంత ఒక మధ్యాహ్నం, "కోట కథనే మల్ల చెప్పరాదు. మొదట్ల కెల్లి. మేము నీలవ్వను సరిగ వినలేదాయె."

అత్తమ్మ మొదట సిగ్గుపడింది. తర్వాత ఆకు కత్తిరిస్తూ మొదలుపెట్టింది. మొదటి వారం, మొదటి వాక్యం. వాన పడుతోంది, రేకుల మీద చప్పుడు. నేను చాట దగ్గరికి లాక్కున్నాను. కథ వింటూ అట్లా అందరితో పాటు కూర్చుని బీడీలు చుట్టడం నాకు అదే మొదలు. కథ మూడో వాకిలి చేరింది. నీలవ్వ ధాన్యం చెరుగుతూ కూర్చుంది. నేను గబగబా దాటించేసిన చోట్లన్నీ అత్తమ్మ గొంతులో తాపీగా నడుస్తున్నాయి.

ఆ రోజు కరెంటు లేక మగ్గాలు నడవలేదు. మా ఆయనా, ఇంకో నలుగురు మగవాళ్లూ గడప మీద కూర్చుని ఏదో యూనియన్ సంగతి గట్టిగా వాదించుకుంటున్నారు. నీలవ్వ నోరు తెరవబోయే చోట వాళ్ల గొంతులు మరీ పెరిగాయి. అత్తమ్మ మాట మునిగిపోయింది. ఆమె ఆగింది. అలవాటైన ఆగడమే అది. తల వంచుకుని చుట్టుకుంటూ పోయింది.

మా ఆయన పక్కవాడి మోకాలి మీద చేయి వేశాడు.

"ఏయ్, జర ఆగుండ్రి," అన్నాడు. "మా అమ్మ చెప్తున్నది."

వాళ్లు ఆగారు. అత్తమ్మ కొడుకు వైపు చూడలేదు. చేతిలో బీడీకి దారం చుట్టి, తెంపి, చాటలో వేసి, ఆ వాక్యం మళ్లీ మొదటి నుంచి అందుకుంది.